సోదా మర్నాడు ఏం జరిగింది: స్టీవ్ జాక్సన్ గేమ్స్ కేస్ స్టడీ

డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో, అంటే కంప్యూటర్లలో ఉన్న సాక్ష్యాన్ని వెలికితీసే పనిలో, కొత్తగా చేరినవాళ్లకు మొదట ఏ కేసు చెప్పాలని అడిగితే చాలామంది ఈమధ్యే జరిగిన పెద్ద రాన్సమ్‌వేర్ కేసేదో ఎంచుకుంటారు. నేను 1990 నాటి ఒక చిన్న కంపెనీ కేసు చెప్తాను. అందులో ఆ కంపెనీ చేసిన హ్యాకింగ్ ఏమీ లేదు, యజమాని మీద గానీ ఉద్యోగి మీద గానీ నేరారోపణ కూడా రాలేదు, చివరికి నష్టపరిహారం కట్టింది సోదా చేసిన ప్రభుత్వమే. నేను చేసే పని ఎక్కువగా సీజ్ చేసిన హార్డ్ డిస్కుల ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి నకలు) తీయడం, సోదాకి వెళ్లే బృందానికి ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో చెప్పడం. మా పనిలో చేయగలిగిన తప్పులు దాదాపు అన్నీ ఈ ఒక్క ఫైల్లోనే దొరుకుతాయి కాబట్టి దీన్ని మళ్లీ మళ్లీ తీసి చదువుతుంటాను.

కంపెనీ పేరు స్టీవ్ జాక్సన్ గేమ్స్, ఊరు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్. బోర్డు గేములు, రోల్ ప్లేయింగ్ గేమ్ పుస్తకాలు, పత్రికలు అచ్చేసి అమ్మేవాళ్లు. వాళ్లకి ఇల్యూమినాటి అని ఒక బులెటిన్ బోర్డు ఉండేది. ఇప్పటివాళ్లకి బులెటిన్ బోర్డు అంటే ఏంటో చెప్పాలి: ఒక మామూలు కంప్యూటర్, దానికి మోడెమ్, ఒక ఫోన్ లైను. బయటివాళ్లు తమ మోడెమ్‌తో ఆ నంబరుకి ఫోన్ చేసి లోపలికి వచ్చి బహిరంగంగా రాతలు రాసుకోవచ్చు, ఒకరికొకరు ప్రైవేట్ మెయిల్ కూడా పెట్టుకోవచ్చు. మెయిల్ అవతలివాడు ఫోన్ చేసి చదువుకునేదాకా ఆ కంప్యూటర్ డిస్కులోనే ఉంటుంది. 1990 ఫిబ్రవరి నాటికి ఈ బోర్డుకి 365 మంది వినియోగదారులు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే సోదాకి వెళ్లినవాళ్ల లెక్కలో ఆ 365 మంది లేనేలేరు.

ఇక ప్రభుత్వం వైపు. కంప్యూటర్ మోసాల దర్యాప్తు అధికారం 1984 చట్టంతో సీక్రెట్ సర్వీస్ అనే ఫెడరల్ సంస్థకి వచ్చింది, 1986లో కంప్యూటర్ ఫ్రాడ్ అండ్ అబ్యూజ్ చట్టం వచ్చింది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకే ప్రోగ్రాం ఇంటర్నెట్‌ని కుదేలు చేసింది, దాన్ని రాసిన విద్యార్థి 1990 జనవరిలో దోషిగా తేలాడు. అదే నెల 15న ఏటీ అండ్ టీ దూరప్రాంత ఫోన్ నెట్‌వర్క్ గంటల తరబడి పడిపోయింది. కారణం స్విచ్ సాఫ్ట్‌వేర్‌లో బగ్గే అయినా, హ్యాకర్ల పని అన్న అనుమానం గాల్లో తిరిగింది. అధికారుల మీద ఒత్తిడి ఎంతుందో ఊహించుకోవచ్చు. ఒత్తిడిలో పనిచేసినవాళ్లని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, నేనూ అలాంటి రోజులు చూశాను.

అసలు తీగ ఇలా మొదలైంది. 1988లో ఒక హ్యాకర్ బెల్‌సౌత్ అనే ఫోన్ కంపెనీ కంప్యూటర్లోంచి ఒక పత్రం కాపీ చేసుకున్నాడు. అమెరికాలో అత్యవసర ఫోన్ నంబరు 911 వ్యవస్థని ఎవరు ఎలా నిర్వహించాలో చెప్పే ఆఫీసు కాగితం అది. అందులో ప్రోగ్రాం లేదు, పాస్‌వర్డులు లేవు. 1989 ఫిబ్రవరిలో దాన్ని కుదించి ఒక ఎలక్ట్రానిక్ వార్తాపత్రికలో వేశారు. స్టీవ్ జాక్సన్ గేమ్స్‌లో పనిచేసే ఒక ఉద్యోగి తన ఇంట్లో వేరే బులెటిన్ బోర్డు నడిపేవాడు, ఆ వార్తాపత్రిక సంచిక అక్కడ దొరికేది. ఆ ఉద్యోగికి కంపెనీ బోర్డులో కూడా నిర్వాహకుడి హక్కులున్నాయి. కాబట్టి పత్రం కంపెనీ కంప్యూటర్లో కూడా ఉండి ఉండొచ్చు, లేదా అతను సాక్ష్యాన్ని చెరిపేయొచ్చు. తర్కం అంతే. పత్రం నుంచి పత్రిక, పత్రిక నుంచి ఇంటి బోర్డు, ఇంటి బోర్డు నుంచి మనిషి, మనిషి నుంచి అతను జీతం తీసుకునే ఆఫీసు. ప్రతి మెట్టూ విడిగా చూస్తే నమ్మబుద్ధేస్తుంది, నాలుగూ కలిపితే చివరి మెట్టు దగ్గర చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆ పత్రం విలువ సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. వార్తాపత్రిక నడిపిన విద్యార్థి మీద షికాగోలో పెట్టిన కేసులో దాని విలువ 79,449 డాలర్లని చెప్పారు. ఆ లెక్కలో పత్రం టైప్ చేసిన కంప్యూటర్ ఖరీదు, ప్రింటర్ ఖరీదు, సాఫ్ట్‌వేర్ ఖరీదు కూడా కలిపారు! ఉత్తరం పోయిందని చెప్పి పోస్టాఫీసు బిల్డింగు ధర అడిగినట్టు. ఇంచుమించు అదే సమాచారం ఉన్న పుస్తకాన్ని ఫోన్ కంపెనీల తాలూకు సంస్థే 13 డాలర్లకి అమ్ముతోందని విచారణలో బయటపడింది. 1990 జులైలో, విచారణ మొదలైన నాలుగు రోజులకే ప్రభుత్వం ఆ కేసు వదిలేసుకుంది. బాధితుడు ఇచ్చిన నష్టం అంకెని అడ్డగోలుగా అఫిడవిట్‌లో ఎక్కించే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఆ అంకె ఎలా వచ్చిందో ఒక్క పేజీ లెక్క అడిగితే చాలు, సగం కేసుల్లో అంకె మారిపోతుంది.

సోదా రోజు

1990 ఫిబ్రవరి 28న ఆస్టిన్‌లో మెజిస్ట్రేట్ దగ్గర వారంట్ తీసుకున్నారు, మార్చి 1 ఉదయం కంపెనీకి వెళ్లారు. బులెటిన్ బోర్డు నడుస్తున్న కంప్యూటర్‌తో సహా కొన్ని కంప్యూటర్లు, 300కి పైగా ఫ్లాపీలు, త్వరలో అచ్చుకి వెళ్లాల్సిన సైబర్‌పంక్ గేమ్ పుస్తకం చిత్తుప్రతులు పట్టుకెళ్లారు. వారంట్ కోసం ఇచ్చిన అఫిడవిట్ కోర్టు సీల్‌లో, అంటే ఎవరికీ చూపించకుండా, ఉండటంతో తమ ఆఫీసు మీద సోదా ఎందుకు జరిగిందో యజమానికి నెలల తరబడి సరిగ్గా తెలియలేదు.

అఫిడవిట్‌లో ఏం లేదో చూడండి. ఇది పుస్తకాలు అచ్చేసే సంస్థ అని మెజిస్ట్రేట్‌కి చెప్పలేదు. ఆ కంప్యూటర్లో కేసుతో సంబంధం లేని వందలమంది ప్రైవేట్ మెయిల్ ఉంటుందనీ చెప్పలేదు. దాచిపెట్టారని నేననను. వాళ్లకే తెలియదు, తెలుసుకోలేదు. కొన్ని గంటలు మామూలు విచారణ చేసినా ఇది ప్రచురణ సంస్థ అని తెలిసిపోయేదని తర్వాత కంపెనీ వేసిన దావా విన్న జడ్జి అన్నాడు. బయట నుంచి చూసి, ఒకటి రెండు ఫోన్ కాల్స్ చేసి తెలుసుకోగలిగిన విషయం అది.

చాలామంది ఈ సోదాని ఆపరేషన్ సన్‌డెవిల్ అనే, హ్యాకర్ల మీద జరిగిన పెద్ద దాడుల్లో భాగం అనుకుంటారు, వ్యాసాల్లో కూడా అలాగే రాస్తుంటారు. కాదు. సన్‌డెవిల్ అరిజోనాలోని ఫీనిక్స్ కేంద్రంగా నడిచింది, దాని సోదాలు 1990 మేలో. ఇది షికాగో నుంచి నడిచిన వేరే దర్యాప్తు, అంతకు రెండు నెలల ముందే జరిగింది.

మర్నాడు

ఇప్పుడు అసలు విషయం. మార్చి 2న కంపెనీ యజమాని స్టీవ్ జాక్సన్ తన సామాన్లు అడగడానికి ఆస్టిన్‌లోని సీక్రెట్ సర్వీస్ ఆఫీసుకి వెళ్లాడు. మాది ప్రచురణ సంస్థ, మీరు తీసుకెళ్లినవాటిలో అచ్చుకి వెళ్లాల్సిన పుస్తకం ఉంది, అది లేకపోతే మా పని ఆగిపోతుంది అని చెప్పాడు. అడిగినదాంట్లో కొద్ది భాగం కాపీ చేసుకోనిచ్చారు, అంతే. ఆ గేమ్ పుస్తకం కంప్యూటర్ నేరాలకి గైడులా ఉందని ఏజెంట్లు తనతో అన్నారని జాక్సన్ తర్వాత చెప్పాడు. అది భవిష్యత్తులో జరిగే కథ, పాచికలు వేసి ఆడుకునే ఆట! సామాన్లు చాలావరకు తిరిగొచ్చేసరికి జూన్ చివర అయింది. ఈలోగా కంపెనీ పాత చిత్తుప్రతుల నుంచీ, ముందుగా ఆడి చూడమని బయటివాళ్లకి ఇచ్చిన కాపీల నుంచీ పుస్తకాన్ని మళ్లీ కూర్చుకుంది, ఉద్యోగుల్లో దాదాపు సగం మందిని తీసేసింది.

సీజ్ చేయడం, పరిశీలించడం, తిరిగివ్వడం మూడూ వేర్వేరు పనులు. మొదటిది ఒక్క ఉదయంలో అయిపోతుంది, దానికి బోలెడంత ప్లానింగ్ ఉంటుంది, బృందం ఉంటుంది, ఉత్సాహం ఉంటుంది. మిగతా రెండిటికీ ఎవరూ ఉండరు. సామాను గదిలో చేరాక దాన్ని వెనక్కివ్వాల్సిన తొందర ఎవరికీ ఉండదు, అవతలివాడు ఎంత టెన్షన్ పడుతున్నా సరే.

అప్పట్లో కాపీ తీయడం కష్టమని కొందరు ఏజెంట్లని సమర్థిస్తారు. ఒకసారి లెక్కేద్దాం. ఆనాటి ఎక్కువ సామర్థ్యం ఉన్న ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. అలాంటివి 300 అనుకున్నా మొత్తం 432 ఎంబీ దాటదు. ఒక్కో ఫ్లాపీ కాపీకి మూడు నిమిషాలు వేసుకుంటే 900 నిమిషాలు, అంటే 15 గంటలు, అదీ ఒకే ఒక్క మిషన్ మీద. ఇద్దరు మనుషులు రెండు మిషన్ల మీద కూర్చుంటే ఒక పగలు చాలు. ఆఫీసు కంప్యూటర్ల హార్డ్ డిస్కులు కూడా అప్పట్లో ఎంబీల్లోనే ఉండేవి. జడ్జి కూడా ఇదే పట్టుకున్నాడు: కాపీ తీసుకుని అసలువి వెనక్కివ్వడం గంటల్లో, మహా అయితే రోజుల్లో అయ్యే పని. 1993 జనవరి విచారణలో ఈ సంగతి మీదే ఏజెంట్‌ని తనే నేరుగా నిలదీశాడు.

చట్టం లేదా? ఉంది

ఈ కేసు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, టెక్నాలజీ కొత్తది, చట్టం వెనకబడి ఉంది అని. ఇక్కడ అది అబద్ధం. 1971లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థి పత్రిక ఆఫీసులో పోలీసులు ఫొటోల కోసం సోదా చేశారు, అది తప్పుకాదని 1978లో సుప్రీంకోర్టు అంది. దానికి స్పందనగానే 1980లో కాంగ్రెస్ ప్రైవసీ ప్రొటెక్షన్ చట్టం చేసింది. ప్రజలకి ప్రచురించే ఉద్దేశంతో ఎవరైనా పెట్టుకున్న రాతల్ని, ఆ మనిషే నేరం చేశాడన్న బలమైన ఆధారం లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, సోదా చేసి పట్టుకెళ్లకూడదు. కావాలంటే నోటీసిచ్చి అడగాలి. సోదా నాటికి ఈ చట్టానికి దాదాపు పదేళ్ల వయసు. దర్యాప్తు చేసిన ఏజెంట్‌కి అది ఉన్నట్టే తెలియదని విచారణలో తేలింది.

మెయిల్‌కీ చట్టం ఉంది. 1986 ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ చట్టంలో, డిస్కులో నిల్వ ఉన్న సందేశాల్ని ప్రభుత్వం ఎప్పుడు తీసుకోవచ్చో ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. బోర్డు కంప్యూటర్‌ని పట్టుకెళ్లినప్పుడు అందులో చేరాల్సినవాళ్లు ఇంకా చదవని ప్రైవేట్ మెయిళ్లు 162 ఉన్నాయి. తాము చదవలేదని ఏజెంట్లు చెప్పారు. జడ్జి నమ్మలేదు: చదివారనీ, కొన్నిటిని చెరిపేశారనీ నిర్ధారించాడు. ఈ చెరిపేయడం దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. సాక్ష్యం అని పట్టుకెళ్లిన డిస్కు మీద నేరుగా పనిచేస్తే ఇదే అవుతుంది. రైట్ బ్లాకర్ (డిస్కు మీద ఏదీ రాయకుండా ఆపే పరికరం) పెట్టి, ఇమేజ్ తీసి, హాష్ (డిస్కులోని సమాచారం నుంచి లెక్కేసే వేలిముద్ర లాంటి అంకె) రాసుకుని, కాపీ మీదే పనిచేయమని మేం అరిచేది ఇందుకే. హాష్ రెండు వైపులా సరిపోతే డిస్కు మీద ఎవరూ చెయ్యి వేయలేదని చూపించవచ్చు. అది లేనప్పుడు మేం చదవలేదు, చెరపలేదు అన్న మాటకి విలువ ఎంతో ఈ కేసులో తేలిపోయింది.

తీర్పులో ఉన్న సూక్ష్మం

దావా 1991 మే 1న వేశారు. వేసింది కంపెనీ, జాక్సన్, ఇంకా బోర్డు వాడే ముగ్గురు. వెనకాల 1990 జులైలో పుట్టిన, కంప్యూటర్ వాడేవాళ్ల హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నిలబడింది. ఆ సంస్థ పుట్టుకకే ఈ సోదాలు ఒక కారణం. తీర్పు 1993 మార్చిలో, జడ్జి శామ్ స్పార్క్స్.

ప్రభుత్వం ఓడిపోయింది అని ఒక్క మాటలో చెప్పేస్తారు గానీ తీర్పు దానికంటే ఓపిగ్గా రాసింది. అఫిడవిట్‌లో తప్పులున్నాయని ఒప్పుకుంటూనే, అవి కావాలని చేసినవనీ, వాటివల్ల వారంటే చెల్లకుండా పోయేంత ముఖ్యమైనవనీ తేలలేదన్నాడు. మార్చి 1 నాడు, తాము తీసుకెళ్తున్నది ప్రచురణ సామగ్రి అని ఏజెంట్లకి తెలుసనడానికి ఆధారం చాలదన్నాడు. మార్చి 2 నాడు మాత్రం తెలిసింది. తెలిశాక కూడా అట్టిపెట్టుకున్నారు కాబట్టి 1980 చట్టాన్ని ఉల్లంఘించారు. అంటే తలుపు తట్టడం దగ్గర ప్రభుత్వానికి సందేహ లాభం దక్కింది, తాళం వేసి కూర్చోవడం దగ్గర దక్కలేదు.

డబ్బు విషయానికొస్తే, ఆ చట్టం కింద కంపెనీకి 51,040 డాలర్లు: పుస్తకం ఆలస్యం వల్ల పోయిన అమ్మకాలకి 42,259, ఖర్చులకి 8,781. అడిగినదంతా ఇవ్వలేదు. నిల్వ ఉన్న మెయిల్ విషయంలో పిటిషనర్లకి తలా 1,000. లాయర్ల ఫీజు దాదాపు 1,95,000, ఇతర కోర్టు ఖర్చులు దాదాపు 57,000. తిరిగివ్వకుండా కూర్చున్నందుకు వ్యాజ్యం ఖర్చే అసలు నష్టానికి అయిదు రెట్లు అయింది.

ఒక్క చోట పిటిషనర్లు ఓడిపోయారు. చదవని మెయిల్‌ని పట్టుకెళ్లడం అంటే ఫోన్ ట్యాపింగ్‌లా మధ్యలో అడ్డగించడమే, కాబట్టి ట్యాపింగ్ చట్టం కింద తలా 10,000 డాలర్లు ఇవ్వాలని వాళ్ల వాదన. 1994 అక్టోబరులో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు) కుదరదంది. అడ్డగించడం అంటే సందేశం ప్రయాణంలో ఉండగా పట్టుకోవడం, డిస్కులో కూర్చున్నదాన్ని తీసుకోవడం కాదు. చట్టంలో ఫోన్ మాటల నిర్వచనంలో నిల్వ అనే పదం ఉంది, ఎలక్ట్రానిక్ సందేశాల నిర్వచనంలో లేదు, కోర్టు దాన్నే పట్టుకుంది. ఆ లెక్కన వాయిస్‌మెయిల్‌కి ఎక్కువ రక్షణ, ఈమెయిల్‌కి తక్కువ. ఆ తేడాని 2001లో పేట్రియట్ చట్టం తీసేసింది, ఈమెయిల్‌ని పైకి లేపి కాదు, వాయిస్‌మెయిల్‌ని కిందకి దించి. నా అభిప్రాయంలో చదవని ఉత్తరం ప్రయాణంలో ఉన్నట్టే. కోర్టు చట్టం అక్షరాన్ని చదివింది, అది దాని పని, కానీ ఉత్తరం రాసినవాడికి, ఇంకా అందుకోనివాడికి ఈ తేడా ఏం అర్థమవుతుంది?

తర్వాత మారినవి కొన్ని ఉన్నాయి. 1994లో అమెరికా న్యాయశాఖ కంప్యూటర్ సోదాలకి మార్గదర్శకాలు విడుదల చేసింది, ప్రచురణ సామగ్రీ ఇతరుల మెయిలూ కలిసి ఉన్న యంత్రాల గురించి దర్యాప్తువాళ్లు ముందే ఆలోచించుకోవాల్సి వచ్చింది. 2001లో ఆరో సర్క్యూట్ కోర్టు గెస్ట్ వర్సెస్ లీస్ కేసులో, నిందితుడి కంప్యూటర్లో రక్షణ ఉన్న రాతలు నేర సాక్ష్యంతో కలిసిపోయి ఉంటే యంత్రాన్ని తీసుకోవచ్చు, కానీ ఆ రాతల్ని తడమకూడదు అంది. ఇక్కడ ప్రభుత్వానికి కొంత వెసులుబాటు తిరిగొచ్చింది, అది న్యాయమేనని నా ఉద్దేశం. లేకపోతే ప్రతి మోసగాడూ తన డిస్కులో ఒక వ్యాసం రాసి పెట్టుకుంటాడు. 2009లో ఫెడరల్ నియమాలు మారాయి: ముందు డిస్కు మొత్తం తీసుకోవచ్చు లేదా కాపీ చేసుకోవచ్చు, సంబంధించిందేదో తర్వాత వెతుక్కోవచ్చు.

ఆ 'తర్వాత' అన్న మాటకి గడువు లేదు. అక్కడ మళ్లీ మార్చి 2 దగ్గరికే వచ్చాం. గేనియాస్ అనే అకౌంటెంట్ కేసులో 2003లో తీసిన ఇమేజ్‌లని, వారంట్‌తో సంబంధం లేని ఫైళ్లతో సహా రెండున్నరేళ్లు అట్టిపెట్టుకుని, 2006లో కొత్త వారంట్‌తో వాటినే మళ్లీ వెతికారు. 2014లో రెండో సర్క్యూట్ ధర్మాసనం తప్పంది, 2016లో అదే కోర్టు పూర్తి బెంచి, అధికారులు సద్భావంతో చేశారు కాబట్టి సాక్ష్యం చెల్లుతుందని చెప్పి అసలు ప్రశ్నని తేల్చకుండా వదిలేసింది. 1990లో అసలు యంత్రాలు ఇవ్వలేదు, ఇప్పుడు యంత్రాలు ఇచ్చేసి కాపీలు ఉంచుకుంటున్నారు. యజమాని పని ఆగదు కాబట్టి అరుపులు తగ్గాయి. అతని జీవితం మొత్తం మా షెల్ఫ్ మీద ఉండిపోవడం మాత్రం తగ్గలేదు.

నేను ఏం మార్చుకున్నానంటే, సోదా ఫారంలో ఒక గడి పెట్టించాను. సామాను తీసుకెళ్లాక యజమాని గానీ అతని లాయరు గానీ వచ్చి ఏం చెప్పారు, ఎన్నింటికి చెప్పారు, విన్నది ఎవరు, విన్నాక ఏం చేశారు. మొదట్లో దీన్ని అందరూ విసుక్కున్నారు, సోదా అయిపోయాక రాసే కాగితం ఎవరు చూస్తారని. ఆ గడి ఖాళీగా వచ్చిన ఫారంని నేను ల్యాబ్‌లోకి తీసుకోను, వెనక్కి పంపేస్తాను.